మామయ్యకు కామెర్లు: పసరు మందు పోయించాలా, వద్దా?

విభాగం: ఆరోగ్యం » చెట్లు, మూలికలు, మందులు

గోదారిగట్టు (సోమవారం, రాత్రి 9:42)

అందరికీ నమస్కారం. మా మామయ్యకు కళ్ళు పచ్చబడి వారం దాటింది. అన్నం చూస్తేనే వికారం అంటున్నాడు, మూత్రం డికాక్షన్ రంగులో వస్తోంది. రక్తపరీక్షలో కామెర్ల తీవ్రత చెప్పే బిలిరుబిన్ 8 పైన ఉంది, లివర్ దెబ్బను చూపే ఎస్‌జీపీటీ వెయ్యి దాటింది. డాక్టరు గారు ఒకటి రెండు మాత్రలు రాసి, రెస్ట్ తీసుకోమని, మళ్ళీ పరీక్షలకు రమ్మని పంపేశారు.

దాంతో ఇంట్లో పంచాయితీ మొదలైంది. అత్తయ్య పుట్టింటి ఊళ్ళో పసరు పోసే పెద్దాయన ఉన్నాడట. మూడు ఆదివారాలు పరగడుపున తాగాలి. ఉప్పు, నూనె, పులుపు బంద్. "ఇంగ్లీషు వైద్యంలో కామెర్లకు మందే లేదు, డాక్టరే ఏమీ రాయలేదు చూశావా" అని అత్తయ్య వాదన. ఏ ఆకు అని అడిగితే ఆయన చెప్పడు, చెబితే గుణం పోతుందంటాడు. నేల ఉసిరి అయ్యుంటుందని నా అనుమానం. మామయ్య మాత్రం ఎవరు ఏది ఇస్తే అది తాగేలా ఉన్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఆదివారం లోపల తేల్చుకోవాలి.

వేపపుల్ల (సోమవారం, రాత్రి 10:05)

నిశ్చింతగా పోయించండి. మా నాన్నకు, మా పెద్దన్నకు, నాకు కూడా పసరుతోనే తగ్గింది. మా వైపు ఆదివారం తెల్లారేసరికి ఆటోలు బారులు తీరతాయి. పని చేయకపోతే అంతమంది ఊరికే వస్తారా? ఆయన పైసా తీసుకోడు, కొబ్బరికాయ కొడితే చాలు. పథ్యం మాత్రం గట్టిగా ఉండాలి. వంకాయ, గోంగూర జోలికి అస్సలు పోవద్దు.

తర్కం_తాత (సోమవారం, రాత్రి 10:31)

వచ్చినవాళ్ళ ఆటోలు లెక్కపెట్టారు బాగానే ఉంది, తగ్గక ఆసుపత్రికి పోయినవాళ్ళను ఎవరు లెక్కపెట్టారు?

మన దగ్గర పెద్దవాళ్ళకూ పిల్లలకూ ఎక్కువగా వచ్చే కామెర్లు నీళ్ళు పాడై వచ్చేవే, హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ. చాలామందిలో ఆ వైరస్ సంగతి శరీరమే చూసుకుంటుంది, కొన్ని వారాల్లో కళ్ళు తెల్లబడతాయి. అందుకే డాక్టరు పెద్దగా మందులు రాయడు. మూడు ఆదివారాల గడువు ఎవరు పెట్టారో గానీ ఆరితేరినవాడు! జబ్బు దిగే టైముకు సరిగ్గా కుదిరింది.

ఇంకో తమాషా ఉంది. కొన్ని ఊళ్ళలో చేతుల మీద సున్నపు తేట పోసి కడుగుతారు, పళ్ళెంలోకి పచ్చటి నీళ్ళు దిగుతాయి. "చూశావా, కామెర్లు కారిపోతున్నాయి" అంటారు. చేతికి ముందే మామిడి బెరడు రసం పూసి ఉంటుంది. దాని మీద సున్నపు తేట పడితే పచ్చగా మారుతుంది, అంతే. నా చేతికి పూసినా, మోడరేటర్ గారి చేతికి పూసినా అదే రంగు. ముక్కులో చేదుబీర రసం పిండితే పచ్చనీళ్ళు కారడమూ ఈ బాపతే. ముక్కు లోపలి పొర మండి నీరు కారుతుంది. లివర్ నుంచి ముక్కుకు గొట్టం లేదు.

వేపపుల్ల (సోమవారం, రాత్రి 10:40)

తాత గారికి మన పల్లెటూరి వైద్యం అంటే మొదటినుంచీ చిన్నచూపే. నేల ఉసిరి మీద విదేశాల్లో పరిశోధనలు జరిగాయి, నోబెల్ బహుమతి వచ్చిన ఆయనే చేశాడు. నెట్‌లో వెతుక్కోండి.

ఫార్మా_మాస్టారు (మంగళవారం, ఉదయం 6:15)

నేను ఫార్మసీ కాలేజీలో మొక్కల మందుల పాఠం చెబుతాను కాబట్టి ఇక్కడ నోరు మూసుకోవడం కష్టం.

వేపపుల్ల గారు చెప్పింది గాలి మాట కాదు. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్, మద్రాసులో త్యాగరాజన్ బృందం కలిసి నేల ఉసిరి మీద పనిచేశారు. 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితం చూసి ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ తిష్ఠ వేసినవాళ్ళలో నేల ఉసిరి పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి ఆ వైరస్ గుర్తు రక్తంలో కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి గుళికలు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది.

ఇక్కడితో ఆపి వీడియోలు చేసేవాళ్ళు కోకొల్లలు. తరవాతి కథ ఎవరూ చెప్పరు. మిగతా చోట్ల అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఆ ఫలితం నిలబడలేదు. ఆ తరవాత ప్రయోగాలన్నీ కలిపి తూచినవాళ్ళు కూడా గట్టి ఆధారం లేదనే తేల్చారు. పైగా అది హెపటైటిస్ బి సంగతి. మీ మామయ్యది ఎ, ఇ అయితే ఆ ప్రయోగానికీ దీనికీ సంబంధమే లేదు.

ఇంకో చిక్కు. నేల ఉసిరి పేరుతో మన గట్ల మీద పెరిగేవి ఒకటి కాదు. ఆకు రెబ్బ తిప్పి చూడండి, అడుగున ఆవగింజంత కాయలు వరసగా వేలాడుతుంటాయి. ఒకదానికి కాడ పచ్చగా, కాయ నున్నగా ఉండి చిన్న తొడిమతో వేలాడుతుంది. ఇంకోదానికి కాడ ఎర్రబారి, కాయ గరుకుగా, తొడిమ లేనట్టు అంటుకుని ఉంటుంది. రెండూ వేరు వేరు జాతులు, లోపలి రసాయనాలు కూడా ఒకటి కావు. పెద్దాయన ఏది కోస్తున్నాడో, దాని పక్కన ఏం మొలిచిందో, గుప్పెడు ఆకా రెండు గుప్పెళ్ళా, వానాకాలపు ఆకా ఎండాకాలపు ఆకా అన్నది ఎవరికీ తెలియదు. నాకు ఆకు మీద కోపం లేదు. ఏమిటో, ఎంతో తెలియకుండా దెబ్బతిన్న లివర్ మీద పోయడమే వద్దంటున్నాను.

డా_తులసి (మంగళవారం, ఉదయం 8:50)

ఆయుర్వేద డాక్టర్‌ని. ముందు ఒక మాట: గుట్టు పసరును ఆయుర్వేదం ఖాతాలో రాయకండి. మా శాస్త్రంలో కామలకు, అంటే కామెర్లకు, ఏ ద్రవ్యం, ఏ మోతాదు, దేనితో కలిపి తీసుకోవాలి అన్నది రాసి ఉంటుంది, దాచి పెట్టేదేం లేదు. నేల ఉసిరి, కటుకరోహిణి, గుంటగలగర అన్నీ అందులో ఉన్నవే.

మాస్టారికి ఒక ప్రశ్న. గుట్టు లేని ఎంబీబీఎస్ డాక్టర్లు కామెర్ల చీటీలో రాసే సైలిమారిన్ ఎక్కడిది? అదీ ఒక ముళ్ళ మొక్క గింజల నుంచి తీసిందే కదా. వైరల్ కామెర్లలో దానికి మాత్రం గట్టి ఆధారం ఉందా?

గోదారిగట్టు గారూ, ఇవన్నీ పక్కనపెట్టి ముందు ఇవి చేయించండి: హెపటైటిస్ ఎ, బి, సి, ఇ పరీక్షలు, రక్తం గడ్డకట్టే తీరు చూసే పీటీ-ఐఎన్ఆర్, కడుపు స్కానింగ్. కామెర్లు జబ్బు పేరు కాదు, లక్షణం. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, క్లోమంలో గడ్డ ఉన్నా, మద్యం ఎక్కువగా తాగినా కళ్ళు పచ్చబడతాయి. మలం సున్నంలా తెల్లగా వస్తూ ఒళ్ళంతా దురద ఉంటే అడ్డంకి అనుమానించాలి. అలాంటప్పుడు నేనైనా సరే సర్జన్ దగ్గరికే పంపుతాను. పసరు కోసం మూడు ఆదివారాలు ఆగితే పోయేది ఆ టైమే.

ఫార్మా_మాస్టారు (మంగళవారం, ఉదయం 9:20)

తులసి గారూ, ఒప్పుకుంటున్నా. సైలిమారిన్ వైరల్ కామెర్లలో అలవాటుగా రాసేదే, రుజువు బలహీనం. విషపు పుట్టగొడుగు తిన్న కేసుల్లో దాన్నుంచి తీసిన ఇంజెక్షన్‌కు మాత్రం వేరే చరిత్ర ఉంది. స్కానింగ్, ఐఎన్ఆర్ మాటకు నా ఓటు కూడా.

క్యాజువాల్టీ_సిస్టర్ (మంగళవారం, మధ్యాహ్నం 3:10)

నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చూశా. అన్నా, ఒక్క విషయం రాసిపెట్టుకో. మామయ్య పగలు పడుకుని రాత్రుళ్ళు మేలుకోవడం, పేర్లు మర్చిపోవడం, తలాతోకా లేకుండా మాట్లాడటం, చిగుళ్ళ నుంచి రక్తం, పొట్ట ఉబ్బు, ఆగని వాంతులు, వీటిలో ఏది కనిపించినా ఆదివారం, సోమవారం చూడొద్దు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఇంట్లో గర్భిణులు ఎవరికైనా కళ్ళు పచ్చబడితే ఒక్క పూట కూడా ఆగొద్దు. హెపటైటిస్ ఇ వాళ్ళకు ప్రాణం మీదికి తెస్తుంది, మూడో త్రైమాసికంలో మరీనూ.

పథ్యం పేరుతో కడుపు మాడ్చడం కూడా ఆపండి. నూనె తగ్గిస్తే తగ్గించండి గానీ అన్నం, పప్పు, పెరుగు, పళ్ళు ఏది దిగితే అది పెట్టండి. మద్యం చుక్క కూడా ముట్టకూడదు. జ్వరానికి పారాసిటమాల్ కూడా డాక్టర్ని అడిగాకే.

సీమపిల్ల (మంగళవారం, సాయంత్రం 7:02)

టాపిక్ పక్కకు లాగుతున్నందుకు ఏమనుకోవద్దు. మా అమ్మకు షుగర్. మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంది. పక్కింటి పిన్ని చెప్పిందని రోజూ పొద్దున్నే బిళ్ళ గన్నేరు ఆకులు నమిలి మింగుతోంది. ఈ మధ్య కళ్ళు తిరుగుతున్నాయంటే "పని చేస్తోందే, షుగర్ దిగుతోంది" అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. మాస్టారూ, ఆ ఆకు తినొచ్చా?

ఫార్మా_మాస్టారు (మంగళవారం, రాత్రి 9:48)

మానిపించమ్మా, ఈ రాత్రే. కళ్ళు తిరిగినప్పుడు గ్లూకోమీటరుతో షుగర్ చూడండి, చూసి డాక్టరుతో మాట్లాడండి.

ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. ఆ కథ నాకు చాలా ఇష్టం, కాస్త పొడుగైనా భరించండి.

బిళ్ళ గన్నేరు పుట్టిల్లు మడగాస్కర్. మన గుడి ముందు, సమాధుల దగ్గర, ప్రహరీ పగుళ్ళలో ఎక్కడ పడితే అక్కడ పూస్తుంది. దాని ఆకు షుగర్‌కు మంచిదన్న నమ్మకం మన ఒక్కరిదే కాదు, జమైకాలోనూ ఉంది. అక్కడ కషాయం కాచుకుని తాగేవాళ్ళు. 1950ల్లో ఆ ఆకులు కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే ఇద్దరి చేతికొచ్చాయి. ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చి చూస్తే షుగర్ పెద్దగా తగ్గలేదు. రసాన్ని ఇంజెక్షన్ చేస్తే ఎలుకలు ఇన్‌ఫెక్షన్లతో చచ్చిపోసాగాయి. ఎందుకా అని చూస్తే రక్తంలో తెల్లకణాలు అడుగంటాయి, ఎముక మజ్జ దెబ్బతింది.

ఇంకొకరైతే విషమని పారేసేవాళ్ళు. వాళ్ళు దీన్ని తిరగేసి ఆలోచించారు: తెల్లకణాలు మితిమీరి పెరిగే జబ్బు బ్లడ్ క్యాన్సర్ కదా, అక్కడ ఇదే పనికొస్తే? అలా విన్‌బ్లాస్టిన్ దొరికింది. అదే టైములో అమెరికాలో ఒక మందుల కంపెనీ అదే మొక్క మీద పనిచేస్తూ విన్‌క్రిస్టిన్ తీసింది, 1963లో దానికి అనుమతి వచ్చింది. ఈ రోజుకీ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకు మొదట ఎక్కించే మందుల్లో అదొకటి. ఒక గ్రాము మందు తీయాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి, ఆకులో అది అంత తక్కువ. తీసినాక మాత్రం మిల్లీగ్రాముల్లో, పిల్లవాడి ఒళ్ళు కొలిచి ఇస్తారు. రక్తనాళంలోకి పోవాల్సిన ఆ మందు వెన్నులోకి పోతే ప్రాణమే పోతుంది. ఆకులో అది కొంచెమే ఉంది కదా అని రోజూ నమలాల్సిన పని లేదు. మజ్జను, నరాలను కొట్టే పదార్థాలు ఉన్న ఆకు అది.

ఇంకో విషయం, పేరు చూసి దీన్ని గన్నేరుతో కలపకండి. గులాబీ రంగు గుత్తులు పూసే గన్నేరు, పచ్చ గన్నేరు పూర్తిగా వేరే చెట్లు, గుండె లయను తప్పించే విషాలు. వాటి ఆకు, కాయ దేనినీ నోట్లో పెట్టకూడదు.

మీ అమ్మగారి మెట్‌ఫార్మిన్ కూడా చెట్టు కథలోంచి వచ్చిందే. యూరప్‌లో గాలేగా అనే మొక్క ఉంది, మేసిన గొర్రెలు చచ్చేవి. అందులో షుగర్ తగ్గించే పదార్థం ఉంది గానీ మనుషులకు ఇచ్చేంత క్షేమం కాదు. రసాయన శాస్త్రజ్ఞులు దాని పోలికలో ఇంకొకటి తయారు చేశారు. 1957లో జాన్ స్టెర్న్ అనే ఫ్రెంచి డాక్టరు దాన్ని షుగర్ రోగుల మీద వాడి ఫలితాలు ప్రకటించాడు. కాబట్టి అమ్మగారితో "నువ్వు వేసుకునేది కూడా మూలిక వంశమేనమ్మా, కొలిచి ఇచ్చారంతే" అని చెప్పి చూడండి, వింటారేమో.

కాకినాడ_కాజా (మంగళవారం, రాత్రి 10:30)

మాస్టారూ, పిల్లల లుకేమియా అన్నారు కాబట్టి మన భీమవరం ఆయన్ని తలచుకోకపోతే పాపం. 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికా పోకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు. ఆయనకు స్ప్రూ అనే పేగుల జబ్బు చేస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడంటారు. తరవాత అదే స్ప్రూకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందమే ప్రయోగశాలలో తయారు చేసింది. దానికి ఎదురు పనిచేసే మందులూ అక్కడివే. 1948లో అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాను తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టింది వాటితోనే. ఇప్పటికీ క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ ఆ వంశానిదే. ఇప్పుడు మన క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఒకే పిల్లవాడికి బిళ్ళ గన్నేరు మందు, సుబ్బారావు గారి మందు రెండూ ఇస్తుంటారు. నాకైతే ఇది తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

తర్కం_తాత (మంగళవారం, రాత్రి 10:44)

ఆయుర్వేదంతో కోలుకున్నాక కూడా అందులో ఏముందో చూద్దామని ల్యాబుకు పోయాడు చూడండి. గుట్టు చెబితే గుణం పోతుందనే బాపతు కాదు.

న్యూజెర్సీ_నాని (బుధవారం, ఉదయం 7:30)

ఇక్కడ మా ఆఫీసులో సగం మంది పసుపు క్యాప్సూల్స్ మింగుతున్నారు, తెల్లవాళ్ళతో సహా. మోకాళ్ళ నొప్పికి ఒకరు, మతిమరుపు రాకుండా ఇంకొకరు. మాకేమో నవ్వు, చారులో వేసుకునేది డబ్బాకు ముప్పై డాలర్లు పెట్టి కొంటున్నారే అని. కానీ మొన్న మా టీమ్‌లో ఒకావిడకు ఎస్‌జీపీటీ పెరిగితే డాక్టరు మొదట అడిగిన ప్రశ్న "పసుపు మాత్రలు వాడుతున్నారా" అని! పసుపుతో లివర్ దెబ్బతినడమేంటి?

ఫార్మా_మాస్టారు (బుధవారం, ఉదయం 8:40)

కూరలో పసుపుకు భయపడక్కర్లేదు నానీ. పసుపులోని కర్క్యుమిన్ పేగులోంచి రక్తంలోకి సరిగ్గా ఎక్కదు. ఎక్కించడానికి ఆ మాత్రల్లో మిరియాల సారం పైపెరిన్ కలుపుతారు. అప్పుడు కూరలో ఎన్నడూ అందనంత కర్క్యుమిన్ రక్తంలోకి పోతుంది. 2022లో అమెరికాలోనే ఇలాంటి లివర్ కేసులన్నీ కలిపి ప్రచురించారు, చాలామందిలో ఒక ప్రత్యేకమైన జన్యువు కనిపించింది. అందరికీ జరగదు, కొందరికి జరుగుతుంది.

మన తిప్పతీగది ఇంచుమించు ఇదే కథ. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ అని వీధి వీధినా కషాయం కాచారు. 2021లో ముంబయి డాక్టర్లు ఆరుగురు రోగుల లివర్ దెబ్బతిన్న సంగతి ప్రచురించారు, మరుసటి ఏడాది దేశంలో 13 కేంద్రాల నుంచి 43 కేసులు బయటకొచ్చాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, తిప్పతీగను పోలిన ఇంకో తీగను వాడి ఉండొచ్చంది.

డా_తులసి (బుధవారం, ఉదయం 9:15)

ఒప్పుకోకపోవడానికి కారణం లేకపోలేదు మాస్టారూ. అడవి నుంచి వచ్చే సరుకులో పోలిక తీగలు కలవడం మేం రోజూ చూసేదే. ఆ కేసుల్లో కొందరిలోనైనా అసలు తీగేనని మొక్కను పరీక్షించి తేల్చారని విన్నాను, కాబట్టి ఆ వాదనతో అన్నీ కొట్టిపారేయలేం అన్నదీ నాకు తెలుసు. థైరాయిడ్, కీళ్ళవాతం లాంటి, ఒంటి రక్షణ శక్తి ఒంటి మీదే తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్ళకు నేనైతే తిప్పతీగ రాయడం మానేశాను. నా తోటివాళ్ళు కొందరికి ఇది నచ్చదు.

ఇంకొకటి. ఈశ్వరి మొక్క వేరును పాము కాటుకనీ, కడుపునొప్పికనీ ఇంకా ఇస్తున్నారు కొన్ని చోట్ల. దాని వంశంలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను శాశ్వతంగా పాడు చేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి మూలికల మాత్రలు వాడిన వందమందికి పైగా ఆడవాళ్ళ కిడ్నీలు పోయాయి, ఒక మూలిక బదులు ఈ వంశపు మొక్క కలిసిపోవడం వల్ల. పాము కాటుకు యాంటీవెనమ్ తప్ప ఇంకో మాట లేదు.

వేపపుల్ల (బుధవారం, మధ్యాహ్నం 1:20)

అంతా విన్నాక ఇంట్లో తులసి కోట కూడా పీకేయమంటారేమో! అన్నీ విషాలే అయితే మన తాతముత్తాతలు ఎలా బతికారు?

క్యాజువాల్టీ_సిస్టర్ (బుధవారం, సాయంత్రం 5:45)

విషం కూడా మందే వేపపుల్ల గారూ, మా వార్డుకు వచ్చి చూడండి. ఉమ్మెత్త వంశపు మొక్కల్లో ఉండే అట్రోపిన్ లేకపోతే మన జిల్లాల్లో క్యాజువాల్టీ నడవదు.

పత్తి చేలో పురుగుమందు కొడుతూ కొడుతూ పడిపోయినవాళ్ళను తెస్తారు. నోట్లోంచి నురగ, ఒళ్ళంతా చెమట, కంటిపాప సూదిమొనంత, ఊపిరితిత్తుల్లో నీళ్ళు గరగరలాడుతుంటాయి. అట్రోపిన్ వేస్తాం. అయిదు నిమిషాలకు ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి వింటాం. గరగర తగ్గలేదా, డోసు రెట్టింపు. మళ్ళీ అయిదు నిమిషాలు, మళ్ళీ రెట్టింపు. గరగర పోయి, చెమట ఆరి, పల్స్ 80 దాటేదాకా. ఆ తరవాత డ్రిప్‌లో సన్నగా పెట్టి రాత్రంతా కనిపెట్టుకుని కూర్చోవాలి. ఎక్కువైతే పేషెంట్ గాల్లో ఏవో పట్టుకుంటూ, దుప్పటి పీకుతూ ఏదేదో మాట్లాడతాడు. అంటే ఉమ్మెత్త తిన్నవాడి లక్షణాలు మొదలైనట్టు, తగ్గించేస్తాం.

అదే పదార్థం ఇంట్లో రసం పిండుకుని తాగితే? 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో టిక్‌టాక్ వీడియో చూసి కరోనా రాదని ఉమ్మెత్త గింజల రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు కొందరు. కాయ కాయకూ బలం మారుతుంది. మేం అయిదేసి నిమిషాలకు విని వేసేదాన్ని వాళ్ళు గ్లాసుతో తాగారు.

పాతబస్తీ_పాషా (బుధవారం, రాత్రి 8:10)

సర్పగంధి మొక్క గురించి ఎవరూ ఎత్తలేదేంటి? మా తాత యునాని హకీం. పిచ్చి ముదిరినవాళ్ళకు, నిద్ర లేనివాళ్ళకు దాని వేరునే ఇచ్చేవాడు. 1931లో రసాయన శాస్త్రజ్ఞుడు సలీముజ్జమాన్ సిద్దిఖీ ఆ వేరులోంచి తీసిన పదార్థానికి పేరుమోసిన యునాని వైద్యుడు హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలీన్ అని పెట్టారు.

ఫార్మా_మాస్టారు (బుధవారం, రాత్రి 9:00)

భలే గుర్తు చేశారు పాషా భాయ్. బీపీ మందుల చరిత్రలో మన దేశం పేరు చెప్పే వేరు అది. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ తన బీపీ రోగుల ఫలితాలు బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాకే విదేశాల వాళ్ళు దీన్ని పట్టించుకున్నారు. 1952లో స్విట్జర్లాండ్‌లో దాన్నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు. కొన్నేళ్ళు బీపీకీ మానసిక జబ్బులకూ తెగ వాడారు. మోతాదు పెరిగితే మనిషి దిగులులో కూరుకుపోతున్నాడని గమనించి, మెరుగైన మందులు రాగానే పక్కన పెట్టారు. ఈలోపు అడవుల్లో వేళ్ళు తవ్వి తవ్వి మొక్కే కరువైంది, ఎగుమతి మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది.

పసరు అభిమానుల కోసం ఒక చైనా ముచ్చట. మలేరియాకు మందు వెతుకుతూ తు యూయూ అనే శాస్త్రవేత్త మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్కను ఎంచుకుంది. కాచి తీసిన సారం ఒకసారి పని చేస్తే ఇంకోసారి చేయలేదు. పాత పుస్తకాలు తిరగేస్తే, నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ "గుప్పెడు ఆకు నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగు" అని రాశాడు. కాచమనలేదు! వేడికే గుణం పోతోందని ఆమెకు వెలిగింది. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీసింది, 1971లో గురి తగిలింది. ఆర్టిమిసినిన్ అది. 2015లో నోబెల్. మన సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో చూసిన పరాన్నజీవి మీదే ఇప్పుడు ఆ మందు పనిచేస్తోంది. అంటే పసరుకు నోబెల్ దాకా పోయే దమ్ము ఉంది. ఆవిడ ఆ పసరు గుట్టు విప్పి, తీసిన సారాన్ని మొదట తనే మింగి చూసి, లోపలున్న ఒక్క పదార్థాన్ని బయటికి తీసింది. ఆ ఆకు టీ కాచుకుని తాగితే చాలంటే మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకోదు, మోతాదు నిలకడగా ఉండదు కాబట్టి.

గోదారిగట్టు (శుక్రవారం, రాత్రి 8:25)

అప్‌డేట్. హెపటైటిస్ ఇ అని తేలింది. స్కానింగ్‌లో రాళ్ళు లేవు, ఐఎన్ఆర్ కాస్త పెరిగింది గానీ ప్రమాదం లేదన్నారు. రోజు విడిచి రోజు చూస్తున్నారు. వాంతులు ఆగాయి, ఇవాళ పెరుగన్నం తిన్నాడు. పసరు పోయించలేదు. రిపోర్టు వచ్చేదాకా ఆగుదామని అత్తయ్యను ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు ఆవిడ లెక్క ప్రకారం తగ్గుతున్నది బార్లీ నీళ్ళతో. పోనీలెండి, బార్లీ నీళ్ళతో గొడవ లేదు. వీధిలో ఇంకో ఇద్దరికి కళ్ళు పచ్చబడ్డాయని తెలిసింది. మురుగు కాలవ పక్కనుంచి పోయే కుళాయి పైపు సంగతి మున్సిపాలిటీకి రాసి ఇచ్చాం, ఇంట్లో నీళ్ళు కాచి తాగుతున్నాం.

సీమపిల్ల (శుక్రవారం, రాత్రి 9:10)

సంతోషం అన్నా. మా అమ్మ ఆకు మానేసింది. కళ్ళు తిరిగినప్పుడు చూస్తే షుగర్ 62. డాక్టరమ్మ డోసులు మార్చింది. పిన్ని ఇప్పుడు షుగర్‌కేనని పొడపత్రి ఆకు తెచ్చింది! నేనే నమిలి చూశా, ఆ తరవాత బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే మట్టి నమిలినట్టుంది. ఇదేం మాయ మాస్టారూ?

ఫార్మా_మాస్టారు (శుక్రవారం, రాత్రి 9:35)

మాయ కాదు. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే చోట్లను కాసేపు మూసేస్తాయి, అరగంటలో రుచి మళ్ళీ వస్తుంది. రక్తంలో షుగర్ కూడా కొంత తగ్గించవచ్చు. అందుకే మాత్రలతో కలిపి సొంతంగా వాడొద్దంటున్నా, మళ్ళీ 62 చూడాల్సి వస్తుంది.

ఎర్రనేల_రైతు (శనివారం, ఉదయం 6:05)

మాస్టారూ, మాది అనంతపురం వైపు. అశ్వగంధ వేస్తాం. వేరు తవ్వి, కడిగి, ముక్కలు కొట్టి, లావును బట్టి గ్రేడు చేస్తే ఏజెంట్లు మధ్యప్రదేశ్‌లో నీమచ్ మార్కెట్‌కు తీసుకుపోతారు. ఇన్నాళ్ళూ ఆకు చేలోనే వదిలేసేవాళ్ళం. ఈ మధ్య ఒకాయన వచ్చి ఆకు కూడా ఎండబెట్టి ఇవ్వండి, కొంటాం అంటున్నాడు. ఆకుతో ఏం చేసుకుంటారు? అమ్మొచ్చా?

ఫార్మా_మాస్టారు (శనివారం, ఉదయం 7:10)

వేరు పొడిలో కలపడానికి అన్నా. కొనే కంపెనీలు వేరు సారంలో విథనొలైడ్లు అనే పదార్థాలు ఇంత శాతం ఉండాలని అడుగుతాయి. ఆకులో విథాఫెరిన్ అనే విథనొలైడ్ వేరులోకంటే ఎక్కువ, ఆకు కలిపితే అంకె తేలిగ్గా వస్తుంది. కానీ మన గ్రంథాల్లో లోపలికి తీసుకోమన్నది వేరునే, క్షేమం చూసుకున్నదీ ఎక్కువగా దాని మీదే. అందుకే 2021లో ఆయుష్ శాఖ ఆకు వాడొద్దని తయారీదార్లకు చెప్పింది. అశ్వగంధ మాత్రలతోనూ లివర్ కేసులు వస్తున్నాయి, డెన్మార్క్ 2023లో నిషేధించింది. ఇలాంటి కల్తీ పెరిగితే రేపు మీ వేరుకే గిరాకీ పోతుంది.

ఎర్రనేల_రైతు (శనివారం, ఉదయం 7:32)

అర్థమైంది సార్. ఆకు అడిగినాయనకు లేదని చెప్పేస్తా. ఇప్పుడు నీమచ్‌లో మొదటి గ్రేడు వేరు రేటు ఎంత నడుస్తోందో అటువైపు వాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. మా ఏజెంట్ చెప్పే రేటు మీద నాకు నమ్మకం లేదు.

మోడరేటర్ (శనివారం, ఉదయం 9:00)

రైతు గారి ప్రశ్నను "వ్యవసాయం » ధరలు" విభాగంలోకి కూడా చేర్చాను, అక్కడ చూసుకోండి. ఈ చర్చలో పసరు ఇచ్చేవాళ్ళ ఊళ్ళూ ఫోన్ నంబర్లూ పెట్టిన రెండు పోస్టులు తీసేశాను, మళ్ళీ పెట్టొద్దు.